అరవయ్యో సెకనుకు పులి రావాలి

అనంతపురంలో ఈ ఏడాది ఎల్‌కేజీ ఫీజు రసీదులో, బూట్లకూ వ్యాన్‌కూ మధ్య కొత్త వరుస ఒకటి చేరింది: 'స్టోరీ ట్రాన్సిషన్ ప్రోగ్రాం'. బడి పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, పక్క వీధి బడివాళ్లు వచ్చే ఏడాది ఇదే పెడతారు.

సంగతేమంటే, నాలుగేళ్ల పిల్లలు బొమ్మలు వదిలి రైమ్స్‌కు రమ్మంటే రారు. రైమ్స్ ఆపి చేతులు కడుక్కోమంటే కదలరు. ఆ సందులో చిన్న కథ చెబితే కదులుతారు. ఇంతటి రహస్యాన్ని బెంగళూరు కన్సల్టెంట్ గారొచ్చి ఏసీ హాల్లో పీపీటీ వేసి మన టీచర్లకు వెల్లడించారు. ఇన్నాళ్లూ ఏ సర్టిఫికెట్టూ లేకుండా కథ చెప్పి ముద్ద పెట్టిన, కథ చెప్పి పడుకోబెట్టిన మన జేజమ్మల మీద వెంటనే చర్య తీసుకోవాలి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తరతరాలుగా తోలుబొమ్మలతో కథలు చెబుతున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. పీపీటీ లేకుండా ఎలా ఇచ్చారో!

తల్లిదండ్రులకు డెమో పెట్టారు. కథ సరిగ్గా 90 సెకన్లుండాలని నియమం. టీచరమ్మ చేతిలో స్టాప్‌వాచ్. "పిల్లలూ, కుందేలు ఇంటికి పోతోంది. చప్పుడు చేయకుండా దాని ఎనకాలే పోదామా?" అంది. పిల్లలు లేచారు. నిజంగానే లేచి, మునివేళ్ల మీద లైను కట్టారు. అంతటితో ఆపి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ మాడ్యూల్ ప్రకారం అరవయ్యో సెకనుకు పులి రావాలి. వచ్చింది. కుందేలు చెవి పట్టుకుంది.

"మిస్, కుందేలు వాళ్ల నాయన యాడికి పోయినాడు?" అన్నాడొకడు.

ఈ ప్రశ్నకు మాడ్యూల్‌లో సెకన్లు కేటాయించలేదు. టీచరమ్మ తడుముకోకుండా "పనికి పోయినాడు నాయనా" అంది. "ఏం పనికి?" అంది ఇంకో పాప. బేల్దారి పనికని తేలేలోపు బెల్లు మోగింది.

బెల్లు మోగితే కథ బందు. కుందేలు పులి నోట్లోనే ఉండిపోయింది. ఇంగ్లిష్ పీరియడ్ మొదలైంది.

"ఏ ఫర్ యాపిల్."

"మిస్, తినేసిందా?"

"బీ ఫర్ బాల్."

"మిస్, వాళ్ల నాయన వచ్చినాడా?"

ముందు ఒకడు వెక్కాడు. వాడికి తోడు పక్క పాప. క్షణాల్లో ఆ గది కక్కలపల్లి మండీలో టమాటా వేలంలా హోరెత్తింది. ప్రిన్సిపాల్ గారు మా వైపు తిరిగి, "చూశారా, ఎమోషనల్‌గా ఎంత ఎంగేజ్ అయ్యారో!" అన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లూ ఉన్నారు.

చేతిలో ఉన్న బొమ్మను ఉన్నపళంగా లాక్కుంటే పసివాడికి కోపం వస్తుంది. ఏమీ చేయకుండా లైన్లో నిలబెడితే పక్కవాణ్ని గిచ్చుతాడు. అందుకే ఆట ఆగకముందే కథ మొదలవ్వాలి, నడక కథలో భాగం కావాలి, చేరాల్సిన చోటికి చేరాకే కథ ముగియాలి. ఊ కొట్టేవాళ్లకు మధ్యలో అడ్డం తగిలే హక్కుండాలి. గుజరాత్ విద్యావేత్త గిజుభాయ్ బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచింది పిల్లలకు కథా ఆటా అందించడానికే. 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం చెప్పేదీ ఆట, మాట, కథ గురించే. పులి టైమింగ్ గురించి అందులో ఏమీ లేదు.

అసలు ఆ పిల్లలు ఒక పని నుంచి ఇంకో పనికి అన్నిసార్లు ఎందుకు మారాలి? 35 నిమిషాలకో బెల్లు పెట్టిందెవరు? ఆడుకునే జాగాలో వ్యాన్లు నిలిపిందెవరు? గది నిండా పిల్లల్ని కుక్కి, ఉన్న ఒక్క ఆయానూ మాన్పించి, ఒంటికి పోవాలన్నవాణ్ని తీసుకుపోవడానికి కూడా మనిషి లేకుండా చేశారు. బెల్లు మార్చరు, ఇంకో మనిషిని పెట్టరు. ఆ టీచరమ్మ గొంతు మీద స్టాప్‌వాచ్ పెడతారు. సిగ్గుండాలి.

ఇదే పని అంగన్‌వాడీలో రోజూ జరుగుతుంది. ఆటనుంచి గుడ్డు దగ్గరికి, గుడ్డు నుంచి చాప మీదికి పిల్లల్ని మాటలతోనే నడిపిస్తారు. వర్కర్‌కు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయలతో బతకలేమని వాళ్లు 2023 డిసెంబర్ 12న సమ్మెకు దిగి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. సర్కారు మధ్యలో, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. జీతమడిగితే అది గౌరవ వేతనమట, పని ఆపితే మాత్రం అత్యవసర సేవట! వాళ్లు చెప్పే కథలకు ఏ రసీదులోనూ వరుస లేదు, ఆ కథలు విని చప్పట్లు కొట్టే పెద్దలూ లేరు.

ఇక బడివాళ్లు మన ఫిర్యాదులు విని కథను సవరించారు. పులిని తీసేశారు. ఇప్పుడు కుందేలు బయల్దేరుతుంది, ఇంటికి చేరుతుంది, క్షేమంగా ఉంటుంది. మొత్తం 12 సెకన్లు. మిగిలిన 78 సెకన్లలో టీచరమ్మ ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. ఏడ్చే పిల్లలు ఫోటోలో పడకూడదని సర్క్యులర్‌లో లావు అక్షరాలతో వేశారు.