వేడి చేసిందండీ!

నలభై రెండేళ్ళ వయసులో నా గడ్డం మీద మొటిమ లేచింది. పదహారేళ్ళప్పుడైతే ఎవరూ పట్టించుకోరు. ఇప్పుడొచ్చేసరికి గుంటూరంతా డాక్టర్లే. వాచ్‌మన్ చూసి "వేడి చేసిందండీ" అన్నాడు. పిన్ని గడపలోనే ఆపి "వేడి చేసిందిరా, ఆవకాయ తగ్గించు" అంది. ఆఫీసులో అకౌంట్స్ ఆయన ఫైల్లోంచి తలెత్తకుండానే "వేడి" అన్నాడు.

ఈ వేడి ఏ థర్మామీటరుకీ చిక్కదు. ముద్దాయి మాత్రం ఎప్పుడూ సిద్ధం: మిరపకాయ. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు మాదని చెప్పుకునే ఊరు, టిక్కీలు (మిర్చి బస్తాలు) అమ్ముకుని మేడలు కట్టిన ఊరు, మొహాన గింజంత పొక్కు లేస్తే అన్నం పెట్టిన కాయ మీదే కేసు పెడుతుంది.

కేసు సంగతి సరే, చికిత్స చూడండి. "చలవ చెయ్యాలి" అని బ్రాడీపేటలో సోడా బండి దగ్గర నిలబెట్టారు. గ్లాసులో మూడు వేళ్ళ మందాన సుగంధి సిరప్ తారులా దిగింది. మీద సోడా కొడితే నురుగు పొంగి నా చొక్కా మీద పడింది. ఆరాక ఆ మరక అట్టకట్టింది, ఎక్కడినుంచో రెండు చీమలొచ్చాయి. (వాటికి తెలిసింది నాకు తెలియలేదు.) మధ్యాహ్నం చెరుకురసం, సాయంత్రం బాదంపాలు. పదిరోజుల్లో నా మొటిమకి నలుగురు తమ్ముళ్ళు పుట్టారు. "లోపలి వేడంతా బయటికొస్తోంది" అని పిన్ని సంతోషించింది.

కొత్తపేటలో చర్మం డాక్టరుగారు ఆవకాయ ఊసే ఎత్తలేదు. "రోజుకెన్ని టీలండీ? తెల్లన్నం ఎన్ని పూటలు?" అన్నారు. తీపి, మైదా, తెల్లన్నం రక్తంలో చక్కెరని ఒక్కసారిగా లేపితే ఇన్సులిన్ ఎగుస్తుందట. దాని వెనకే ఐజీఎఫ్-1 అనే, ఇన్సులిన్ లాంటి పెరుగుదల హార్మోను. రెండూ కలిసి చర్మంలో నూనె గ్రంథుల్ని రెచ్చగొడితే రంధ్రం పూడుకుని, బాక్టీరియా కాపురం పెడుతుంది. 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది కుర్రాళ్ళ మీద 12 వారాలు పరీక్ష చేస్తే, చక్కెరని నిదానంగా వదిలే తిండి తిన్నవాళ్ళకి మొటిమలు బాగా తగ్గాయి. వాళ్ళు బరువూ తగ్గారు కాబట్టి పుణ్యం దేనిదో పూర్తిగా తేలలేదు. వెన్న తీసిన పాల మీదా అనుమానాలున్నాయి. వంశం, హార్మోన్లు ఎటూ ఉండనే ఉన్నాయి.

"మరి కారం?"

"మొటిమలకి అదే కారణమని గట్టి ఆధారం లేదండీ. మొహం ఎర్రబడే రొజేషియా ఉన్నవాళ్ళలో కొందరికి పడదు, అంతే" అని పూతమందు రాసిచ్చారు.

అంటే, ముద్దాయిని జైల్లో పెట్టి, అసలు దొంగకి గ్లాసుకింతని డబ్బులిచ్చి వైద్యం చేయించుకుంటున్నామన్నమాట. యార్డు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఒక్కో టిక్కీకీ క్షమాపణ చెప్పాలని నా ప్రతిపాదన. ఘాటుకి తుమ్ములొస్తాయి, ఫరవాలేదు, వినయంగానే తుమ్ముదాం.

పిన్నికి ఇదంతా వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నది. మర్నాటినుంచి ఇంట్లో పంచదార బంద్. టీలో బెల్లం వేస్తోంది. రెండు చెంచాలు ఎక్కువే, బెల్లానికి తీపి తక్కువట.