గంగ జాతర పుస్తకం ఏ గడిలో ఉంది?

గంగ జాతర వేషాల మీద ఒక వ్యాసం రాయాల్సి వచ్చి, మొన్న తిరుపతిలో ఒక గ్రంథాలయం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. 'జాతర' అని కొడితే ఫలితాలు బాగానే వచ్చాయి. ఎడమ పక్కన గడులు వరుసగా ఉన్నాయి: రచయిత, విషయం, స్థలం, కాలం, భాష. గ్రంథాలయాల వాళ్లు వీటిని ఫాసెట్లు అంటారు. ఫోన్లో చీర కొనేటప్పుడు రంగు, ధర, నేత ఒక్కొక్కటే ఎంచుకుంటూ పోతామే, అదే పద్ధతి. స్థలం కింద 'చిత్తూరు జిల్లా' నొక్కాను. పక్క బీరువాలో నా కళ్లకు కనిపిస్తున్న పుస్తకమే తెర మీద మాయమైంది. దాన్ని 'తిరుపతి జిల్లా' కింద ఎక్కించారట. మరొకటి ఒట్టి 'తిరుపతి' కింద ఉంది. మూడోదానికి స్థలమే రాయలేదు. అది స్థలం గడిలో ఏది నొక్కినా రాదు.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకోవడం తేలిక. కానీ ఈ గడులను అది సొంతంగా కల్పించదు. పుస్తకాల వివరాలు నమోదు చేసే కేటలాగర్, పుస్తకం దేని గురించో చెప్పడానికి ఇచ్చిన విషయ శీర్షికలో ఏముంటే దాన్నే ముక్కలు చేసి చూపిస్తుంది. ఆ శీర్షికలేమో కార్డుల కాలానివి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన విషయ శీర్షికల జాబితాకు శ్రీకారం చుట్టింది 1898లో. సొరుగు లాగి కార్డులు తిప్పే పాఠకుడి కోసం 'కలంకారీ — శ్రీకాళహస్తి — చరిత్ర' అని ఒక గొలుసుగా రాశారు. ఎడమ నుంచి కుడికి చదివితే అర్థం దానంతటదే తేలుతుంది. కంప్యూటర్‌కు ఆ చదువు రాదు. ఏ ముక్క ఊరో, ఏ ముక్క కాలమో చెప్పి పెట్టాలి.

చెప్పే ఏర్పాటు మార్క్ రికార్డులో, అంటే పుస్తకం వివరాలను కంప్యూటర్ చదివేలా రాసే నమూనాలో, ఎప్పటినుంచో ఉంది. 650 అనే ఫీల్డులో విషయానికి, ఉపవిషయానికి, కాలానికి, స్థలానికి వేరువేరు అరలు ఉన్నాయి. పుస్తక రూపానికీ ప్రత్యేకంగా ఒక అర ఉంది, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని 1999 నుంచి వాడుతోంది. 'నిఘంటువులు' అనే మాట ఆ అరలో ఉంటే అది నిఘంటువు, విషయం అరలో ఉంటే నిఘంటువుల గురించి రాసిన పుస్తకం. నేను చూసిన రికార్డుల్లో గొలుసు మొత్తాన్ని, మధ్యలో గీతలతో సహా, మొదటి అరలోనే కుక్కేశారు. చేంతాడంత శీర్షిక, దాని కింద ఒకే ఒక్క పుస్తకం. అలాంటి గడి ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇదేదో పడమటి నుంచి దిగిన కొత్త సమస్య కాదు. ఇక్కడ పొద్దున రైలెక్కితే మధ్యాహ్న భోజనానికి చేరే మద్రాసులో, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తూ, గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే కోలన్ వర్గీకరణ అనే తన పుస్తకాల విభజన పద్ధతిని అచ్చువేశారు. విషయాన్ని ముఖాలుగా, అంటే ఫాసెట్లుగా, విడదీయాలన్నది ఆయన పట్టు. స్థలం, కాలం ఆయన లెక్కలో వేటికవే. అమెరికా వాళ్లు తమ పొడవాటి శీర్షికలను అలా విడగొట్టే 'ఫాస్ట్' పని మొదలుపెట్టింది 1998లో.

విడగొడితే ఒక నష్టం ఉంది, దాచిపెట్టను. శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీని, మచిలీపట్నంలో చెక్క అచ్చులతో వేసే అద్దకాన్ని పోల్చిన పుస్తకం ఒకటి ఉందనుకోండి. దానికి రెండు గొలుసులు ఉంటాయి. ముక్కలు చేశాక 'అచ్చు అద్దకం', 'శ్రీకాళహస్తి' రెండూ నొక్కినవాడికీ ఆ పుస్తకమే వస్తుంది. శ్రీకాళహస్తి పేరు నిలబడింది కలంతో, అచ్చుతో కాదు! అందుకే గొలుసును రికార్డులో చెరపకుండా ఉంచి, గడుల కోసం మాత్రమే ముక్కలు తీసుకోవాలి. అయినా ఈ పొరపాటును నేను భరిస్తాను. పనికిరాని పుస్తకం వస్తే పక్కన పెడతాం. రాని పుస్తకం ఉందని కూడా మనకు తెలియదు.

మన వైపు అన్నిటికన్నా చిక్కు తెచ్చేది స్థలం. చంద్రగిరినే తీసుకుందాం. 1911 వరకు అది ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ ఏడు చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. కోట మాత్రం అంగుళం కదల్లేదు. రికార్డులో ఊరి పేరు రాసి వదిలేయాలి. ఆ ఊరు ఎప్పుడు ఏ జిల్లాలో ఉందన్నది అథారిటీ ఫైలులో, అంటే పేర్లకు ఒప్పుకున్న రూపాలు ఉంచే జాబితాలో, ఒక్కచోట రాసుకుంటే, జిల్లాలు మారినప్పుడల్లా వేల రికార్డులు దిద్దే పని తప్పుతుంది.

అక్షరాలదీ ఇదే గొడవ. 'తాళ్ళపాక', 'తాళ్లపాక' మనకు ఒకటే, యంత్రానికి రెండు ఊళ్లు. ఇక కాలం గడి చాలాచోట్ల అచ్చయిన సంవత్సరాన్నే చూపిస్తుంది. 15వ శతాబ్దపు అన్నమయ్య అందులో 1998 మనిషిగా కనిపిస్తాడు.

వీటన్నిటినీ ఒక్కసారిగా దిద్దమనడం లేదు. ముందు స్థానిక చరిత్ర బీరువా ఒక్కటి చాలు. అది అయ్యేలోగా స్థలం గడి చివర 'స్థలం నమోదు కానివి' అని ఒక వరుస చేర్చితే పాఠకుడు మోసపోడు.

ఆ బీరువాలో మొదట తేలాల్సింది గంగమ్మ సంగతే. శీర్షిక 'తాతయ్యగుంట గంగమ్మ జాతర' అని ఉండాలా, ఊళ్లో అందరూ అనే 'గంగ జాతర' అని ఉండాలా? నా ఓటు రెండోదానికి, మొదటి పేరు అక్కడికి దారి చూపిస్తే చాలు. కానీ చిత్తూరులోనూ గంగ జాతర జరుగుతుంది. కుప్పంలో అమ్మవారి పేరే ప్రసన్న తిరుపతి గంగమ్మ. కుప్పం జాతర పుస్తకానికి స్థలం అరలో 'కుప్పం' అని రాయకపోతే, 'తిరుపతి గంగమ్మ' అని వెతికినవాడు కుప్పం వేషాలను తిరుపతి వేషాలనుకుని వ్యాసం రాసేస్తాడు. ఆ రోజు నేను రాయబోయాను.