విశాఖ చమురు గుహ గారికి ఒక బంకు కస్టమర్ విన్నపం

గౌరవనీయులైన గుహ గారికి,

నమస్కారాలు. లోవ గార్డెన్ దగ్గర కొండ అడుగున మీరు క్షేమమని తలుస్తాను. పేపరు చదివే అలవాటున్నవాళ్లకి మీ కొలతలు కంఠతా వచ్చేసి ఉంటాయి. దేశం కష్టకాలానికి ముడి చమురు దాచుకునే మూడు భూగర్భ గుహల్లో మీరు 13.3 లక్షల టన్నులు, కర్ణాటకలోని మంగళూరు వారు 15 లక్షలు, పాదూరు వారు 25 లక్షలు. ముగ్గురూ కలిస్తే 53.3 లక్షల టన్నులు, అంటే దేశానికి 9.5 రోజులకు సరిపడా ముడి చమురు. ఎవరు ఎప్పుడు అడిగినా ఇదే జవాబు.

ఆ 9.5 గురించే ఈ ఉత్తరం.

అది మీలో ఉన్న నూనె లెక్క కాదు, మీలో పట్టే నూనె లెక్క. ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకొస్తాయని అడిగితే డబ్బా ఎంత పెద్దదో చూపించడం అన్నమాట. పైగా ఆ తొమ్మిదిన్నర రోజులూ 2019-20 వాడకాన్ని బట్టి కట్టినవి. ఆ తర్వాత రోడ్ల మీదికి ఎన్ని కొత్త బండ్లు వచ్చాయో మీకు కనపడదు కాబట్టి మిమ్మల్ని అనను. పైనున్నవాళ్లకైతే కనపడాలి.

మీ ముగ్గురికీ ఆయిల్ కంపెనీల ట్యాంకులు కలిపి ఇంకో 64.5 రోజులు చూపిస్తారు. మొత్తం 74. వినడానికి 90కి దగ్గరగా, గౌరవంగా ఉంటుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ తన సభ్య దేశాలకు పెట్టిన నియమం కూడా 90 రోజుల నికర దిగుమతులకు సమానమైన నిల్వ ఉండాలనే కదా. కాకపోతే వాళ్లు ట్యాంకును కొలవరు, ట్యాంకులో ఉన్నదాన్ని కొలుస్తారు. అందులోనూ అడుగున మిగిలిపోయి బయటికి రానిదెంతో ఉంటుందని పది శాతం కొట్టేస్తారు. మరీ పిసినారి లెక్క! మనం 2017 నుంచి అక్కడ అసోసియేట్ సభ్యులం మాత్రమే. కాబట్టి ఆ నియమం మనల్ని పట్టుకోదు, హాయి.

అసలు మీ నిర్మాణం గురించి చదివినప్పటి నుంచీ మీరంటే నాకు గౌరవం పెరిగింది. పదంతస్తుల మేడంత ఎత్తు రాతి సొరంగాలు, లోపల స్టీలు తొడుగు ఉండదు. మీ నెత్తిన ఇంకో సొరంగం తవ్వి, అందులోంచి రాతిలోకి బోర్లు వేసి, నిత్యం నీళ్లు నింపుతారు. రాతి పగుళ్లలో నీటి ఒత్తిడి నూనె ఒత్తిడి కంటే ఎక్కువ ఉన్నంతకాలం నూనె బయటికి పోలేదు, నీళ్లే కొద్దికొద్దిగా లోపలికి ఊరతాయి. అలా ఊరిన నీళ్లు నూనె కిందికి చేరితే పంపులు పెట్టి తోడేస్తారు. అంటే దేశ ఇంధన భద్రత కారుతూ ఉంటేనే నిలబడుతుంది! ప్రభుత్వ కట్టడాల్లో కారడం డిజైన్‌లోనే ఉన్నది మీకే అనుకుంటాను. మిగతావాటిలో డిజైన్‌లో లేకపోయినా కారుతుంది.

మిమ్మల్ని నడిపే ప్రభుత్వ కంపెనీ పుట్టింది 2004లో. మీరు పనిలోకి దిగింది 2015లో. పదకొండేళ్లు. సరే, రాయి గట్టిది.

మీ వంశంలో మెచ్చుకోవాల్సిన కొనుగోలు ఒకటుంది. 2020 ఏప్రిల్, మే నెలల్లో ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుని నూనె అడిగే నాథుడు లేనప్పుడు, బ్యారెల్ సగటున 19 డాలర్లకే కొని మిమ్మల్ని నింపారు. 5,000 కోట్ల రూపాయలకు పైగా మిగిలిందన్నారు. నిజంగా మంచి పని, వెటకారం లేదు. తర్వాత 2023-24 బడ్జెట్‌లో మీ కడుపు నింపడానికి 5,000 కోట్లు కేటాయించారు, ఆనక వాయిదా వేశారు. ధర తక్కువున్నప్పుడు ఖాళీ ఉండాలి, ఖాళీ ఉన్నప్పుడు ధర తక్కువుండాలి, రెండూ కుదిరినప్పుడు డబ్బుండాలి. ఇలాంటి ముహూర్తం కోసం మీరు ఎదురుచూస్తూ ఉండాలి మరి.

మీ తమ్ముళ్ల సంగతి, అంటే కొత్తగా కడతామన్న గుహల సంగతి తెలుసా? 2017 బడ్జెట్ ప్రసంగంలో ఒడిశా చండీఖోల్, రాజస్థాన్ బికనీర్ అని ఇద్దరి పేర్లు చదివారు. 2018లో కేబినెట్ ఆమోదం వచ్చేసరికి బికనీర్ మాయమై, చండీఖోల్‌తో పాటు పాదూరు విస్తరణ మిగిలింది. 2021లో పీపీపీ పద్ధతిలో, అంటే ప్రైవేటు వాళ్లతో కలిసి కడదామని మళ్లీ ఆమోదించారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అనలేదు. కాకపోతే ఇక్కడ సోమలింగానికి రెండుసార్లు నామకరణం అయింది.

మంగళూరులో ఇంకో ఏర్పాటుంది. అబుదాబి కంపెనీ అడ్నాక్‌కు 2018లో కొంత చోటిచ్చారు. గుహ మనది, నూనె వాళ్లది, లెక్క మాత్రం మన రోజుల్లోకే. అవసరమొస్తే మొదటి హక్కు మనదేనని ఒప్పందంలో రాసుకున్నారు. అవసరం అందరికీ ఒకేసారి వస్తుందన్న టెన్షన్ నా ఒక్కడికే ఉన్నట్టుంది.

పోనీ ఇదంతా ముడి చమురు, రిఫైనరీకి పంపితే పెట్రోలో డీజిలో వస్తుంది. వంట గ్యాస్ సంగతేంటి? మీ ముగ్గురిలో దానికి చోటు లేదు. విశాఖలోనే మీ పొరుగున ఎల్పీజీ గుహ ఒకటుంది, 60,000 టన్నులు. పేరు గొప్పదే గానీ, దేశమంతా దాని మీదే పొయ్యి వెలిగిస్తే సాయంత్రం టీకి కష్టం. మనం వాడే గ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచే.

ఇక నా విన్నపం. అమెరికావాళ్లు తమ ఉప్పు గుహల్లో ఎంత నూనె ఉందో ప్రతి వారం ప్రకటిస్తారు. మీకూ గేజ్ ఉండే ఉంటుంది. ఎంపీ ఎవరో ప్రశ్న వేసేదాకా ఆగకుండా, ఆ రీడింగ్ వారానికోసారి బయట పెట్టించగలరు. మీరు ఎంత పెద్దవారో మాకు తెలుసు, మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇట్లు,
బంకు లైన్లో మీ విధేయుడు

తా.క.: 2021 నవంబరులో, పెరిగిన ధరలు దించడానికి అమెరికా, జపాన్ వగైరాలతో కలిసి మన నిల్వల్లోంచి కూడా 50 లక్షల బ్యారెళ్లు విడుదల చేస్తామని ప్రకటించారు. దేశం ఒక్క రోజులో వాడేది సుమారు అంతే. ధర తగ్గిన ఆ ఒక్క రోజు ఏ తారీఖో మీకు గుర్తుంటే రాయండి, ఆనాటి బంకు రసీదు వెతుక్కుంటాను.