సవరణ: కొడైకెనాల్ చెరువు మనుషులు కట్టిందే

మా కొడైకెనాల్ ప్రయాణం గురించి గత వారం రాస్తూ, అక్కడి సరస్సు కొండల మధ్య సహజంగా ఏర్పడిందన్నాను. అది తప్పు. 1863లో మదురై కలెక్టరు వీర్ లెవింజ్ వాగుకు అడ్డంగా కట్ట వేయించి నీళ్లు నిలిపారు. అంటే అది మన అనంతపురం చెరువులాగే కట్టిన చెరువు. మన చెరువైతే అంతకు దాదాపు 500 ఏళ్ల ముందే, బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్కవొడయరు కట్టించినది. కట్టల మీద నడిచి పెరిగిన నేను ఆ కట్టను గమనించకుండా రాయడం నాకు బాధగా ఉంది.

కొడైకెనాల్ ఊరికి పునాది వేసింది ఆంగ్లేయ అధికారులని నేను రాసింది కూడా సరికాదు. 1845లో మొదటి బంగళాలు కట్టుకున్నది మదురై ఎండలకు, జ్వరాలకు తాళలేని అమెరికా మిషనరీలు.

మూడోది, పడవలు, చాక్లెట్ల మీదే ఆ ఊరు బతుకుతోందన్న నా మాట. పాతూరులో వెల్లుల్లి అమ్మే పెద్దాయన అది చదివి, "మలైపూండు సంగతి రాయలేదేం బాబూ?" అని అడిగారు. బస్తా అడుగున మిగిలిన ఒక గడ్డను చిదిమి నా చేతిలో పెట్టారు. సాయంత్రం దాకా వేళ్లకు ఆ ఘాటు పోలేదు. మలైపూండు అంటే కొడైకెనాల్ కొండల్లో పండే వెల్లుల్లి. దానికి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది. పాత వ్యాసంలో ఈ మూడు చోట్లా దిద్దాను.