సవరణ: ఆర్‌వీ నీటి గొట్టాల్లో కారు కూలెంట్ పోయకూడదు

అమెరికాలో ఉంటున్న మన కోనసీమ పిల్లల కోసం, చలికాలమంతా ఆర్‌వీని (లోపలే ఉండేందుకు వసతులున్న ప్రయాణ వాహనాన్ని) కదపకుండా ఉంచే ముందు దాని నీటి గొట్టాలను ఎలా సిద్ధం చేయాలో ఇంతకుముందు రాస్తూ, నీరంతా తీసేశాక కార్లకు వాడే యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కాపాడే ద్రవం, అంటే కారు కూలెంట్) పోసినా సరిపోతుందని చెప్పాను. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు కూడా.

కారు కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. శరీరంలోకి వెళితే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, ప్రాణాల మీదికి తెస్తుంది. వాహన తయారీదారుల మాన్యువళ్లు చెప్పేది ఏమిటంటే, తాగునీరు పారే గొట్టాల్లో ఆర్‌వీల కోసమే తయారైన, విషపూరితం కాని యాంటీఫ్రీజ్ మాత్రమే వాడాలి. ఇది ఎక్కువగా ప్రొపిలీన్ గ్లైకాల్‌తో తయారై గులాబీ రంగులో ఉంటుంది. అయితే కొన్ని కారు కూలెంట్‌లు కూడా అదే రంగులో దొరుకుతాయి కనుక రంగును నమ్మకుండా డబ్బా మీది వివరం చదివి తీరాలి. వసంతంలో వాహనాన్ని మళ్లీ బయటికి తీసినప్పుడు గొట్టాలన్నిటినీ మంచినీటితో బాగా కడగాలి.

వాటర్ హీటర్ సంగతి ఆ టపాలో రాయలేదు. అది చల్లారాక, ఒత్తిడి వదిలి, నీరు తీసి, హీటర్‌లోకి ద్రవం వెళ్లకుండా పక్కకు మళ్లించే బైపాస్ వాల్వు తిప్పిన తరువాతే యాంటీఫ్రీజ్ పోయాలి.

కోనసీమలోని దిండి వైపు హౌస్‌బోట్లకూ ఇదంతా అవసరమని కొందరు అర్థం చేసుకున్నారు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి గొట్టాలను పగలగొడుతుంది కాబట్టే అమెరికా చలిలో ఈ ఏర్పాటు. గడ్డకట్టే చలి లేని మన డెల్టాలో ట్యాంకులు, గొట్టాలు ఖాళీ చేసి ఆరబెడితే చాలు.