ఎటు పెట్టినా ఒకటే

మా ఇంటికి కారు షెడ్డు ఉంది. కారు లేదు. పదకొండేళ్ల కింద హన్మకొండలో వడ్డేపల్లి చెరువు వైపు ఇల్లు కట్టుకునేటప్పుడు ప్లాను గీసిన ఇంజనీరు, "రేపు పిల్లలు పెద్దగైతే కారు కొంటరు గద సారు, ఇప్పుడే పది బై పదహారు ఇడిచిపెట్టుకోండి" అన్నాడు. ఇడిచిపెట్టాం. పిల్లలు పెద్దగయ్యారు. కారు రాలేదు గానీ షెడ్డు మాత్రం నిండింది. రెండు బియ్యం డ్రమ్ములు, చైను లేని సైకిలు, కాలిపోయిన బోరు మోటరు, పాత ఇంటి టేకు తలుపు (వాడుకోలేం, అమ్మబుద్ధి కాదు), వానాకాలం నుంచి ఉగాది దాకా పాత దుప్పటి కప్పుకొని నిలబడే ఇనుప కూలరు.

ఆ షెడ్డే నా వర్క్‌షాపు. వర్క్‌షాపు అన్నది నా మాటే. మా ఆవిడ దాన్ని పోస్టుమార్టం గది అంటుంది. ఆమె బాధ ఆమెది. పోయినేడు దసరా ముందు మిక్సీ మరీ మోత మోగుతోందంటే నేనే విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించాను. మోత పూర్తిగా పోయింది. తిరగడం కూడా పోయింది. మోటరు కాలిందని నేనే తేల్చి, నాలుగు వేల రెండు వందలు పెట్టి కొత్తది తెచ్చాం. పాతది ఎక్స్ఛేంజీలో మూడు వందలకు పోయింది. ఇస్త్రీపెట్టె, గోడ గడియారం, గ్యాస్ లైటరు సంగతులు ఇప్పుడెందుకు లెండి.

నేను బ్యాంకులో క్యాషియర్‌ని. రోజూ సాయంత్రం నగదు రూపాయితో సహా టాలీ కావాలి. తక్కువ పడితే జేబులోంచి కట్టాలి. ఎక్కువ వస్తే అది ఎవరి డబ్బో తేలేదాకా సస్పెన్స్ అకౌంటులో పెట్టాలి. రిపేర్లలోనూ నాది అదే పద్ధతి. ఏ వస్తువు విప్పినా, మళ్లీ బిగించాక ఏదో ఒకటి మిగులుతుంది. నేను పారేయను. ఒక హార్లిక్స్ సీసాలో వేసి మూత పెడతాను. సీసా మీద 'సస్పెన్స్' అని నా దస్తూరీతోనే కాగితం అంటించాను. ఏడేళ్లలో ముప్పావు సీసా నిండింది. నా లెక్కలో ఎప్పుడూ ఎక్కువ పడటమే గానీ ఒక్కసారి కూడా తక్కువ పడలేదు. ఆ మాట ఇంట్లో చెబితే ఎవరూ మెచ్చుకోరు.

ఇక కూలరు. ఉగాది పోయిన వారానికే ఎండ ముదిరింది. దుప్పటి తీసి స్విచ్ వేస్తే 'గుయ్' అని ఒకటే రొద, రెక్క మాత్రం కదలదు. మా ఆవిడ చీపురు పుల్ల తెచ్చి జాలీలోంచి రెక్కను కొంచెం నెట్టింది. తిరిగింది. ఆపి, ఈసారి అటు నుంచి నెట్టింది. అటే తిరిగింది. ఎటు నెడితే అటు తిరిగే ఫ్యానును చూసి, కండెన్సర్ పోయిందని నేను వెంటనే కనిపెట్టాను. కనిపెట్టింది నిజంగానే కరెక్టు. ఆ మోటరుకు మొదటి తోపు ఇచ్చి, ఎటు తిరగాలో చెప్పేది కండెన్సరే. అది చచ్చిపోతే మోటరు మన పుల్ల కోసం ఎదురుచూస్తూ మూలుగుతుంది. ఇంత తెలిసినవాడు మెకానిక్‌కు మూడు వందలు ఎందుకియ్యాలె?

"గల్లీ చివర అన్నను పిలుస్త, పది నిమిషాల పని" అంది మా ఆవిడ.

"పది నిమిషాల పనికి మూడు వందలా? గంటకు ఎంత పడ్డట్టు?" అన్నాను. ఇట్లాంటి లెక్కల్లో నన్ను గెలవడం కష్టం.

హన్మకొండ చౌరస్తా దగ్గర దుకాణానికి పోయి కండెన్సర్, మూడు వైపులకు కొత్త గడ్డి, నల్ల టేపు, ఒక టెస్టరు కొన్నాను. ఇంట్లో రెండు టెస్టర్లు ఉన్నాయి, ఎక్కడున్నాయో తెలియదు. గడ్డి ఎట్లాగూ ప్రతి ఏడాది మార్చాలి, మా బోరు నీళ్లకు పాత గడ్డి మీద తెల్లగా ఉప్పు పేరుకొని గాలి ఆడదు. కండెన్సర్ చేతిలో పెడుతూ దుకాణం పిల్లగాడిని అడిగాను, "ఏ వైరు ఎటు పెట్టాలె?"

"దీనికి ఎటు ఇటు ఏం లేదు సారు. ఎటు పెట్టినా ఒకటే."

ఆ మాట నాకు చాలా నచ్చింది. దారి పొడుగునా అదే అనుకుంటూ వచ్చాను.

షెడ్డులో కూలరు వెనక జాలీ విప్పి చూస్తే మోటరు నుంచి మూడు వైర్లు వస్తున్నాయి. ఒకప్పుడు వాటికి మూడు రంగులు ఉండే ఉంటాయి. ఇప్పుడు మూడింటిదీ ఒకటే రంగు, దుమ్ము రంగు. తెలివైనవాడు విప్పేముందు ఫోను తీసి ఫొటో కొట్టుకుంటాడు. నాకూ ఆ ఆలోచన వచ్చింది, కాకపోతే విప్పిన తర్వాత వచ్చింది. సరే, విప్పిన వైర్లను ఫొటో తీసి పెట్టుకున్నాను. పక్కనే పిల్లగాడి మాట ఉంది కదా, ఎటు పెట్టినా ఒకటే. పెట్టాను. నాలుగు చుట్లు టేపు వేశాను. కొత్త గడ్డి పరిచాను, టబ్బులో నాలుగు బకెట్ల నీళ్లు పోశాను. అంతా బిగించేసరికి రెండు స్క్రూలు మిగిలాయి. సీసాలో జమ చేశాను.

అప్పుడు షెడ్డు గేటు దగ్గర నీడలో మా అత్తమ్మ కూచొని ఉంది. నర్సంపేట దగ్గర ఊరు ఆమెది. ఏడాదికి సరిపడా కారం కోసం పది కిలోల చపాటా మిర్చి తెచ్చి, పాత చీర మీద పోసుకొని తొడిమలు తీస్తోంది. లావుగా, ఎర్రగా టమాటాల్లా ఉంటాయవి. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. 2025లో వరంగల్ చపాటాకు జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం పంటే అని చెప్పే ముద్ర) వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఆ మిర్చికి మర్యాద బాగా పెరిగింది. ఇంటల్లుడి హోదా దాని తర్వాతే.

కూలరు ముఖం నా వైపు, వీపు అత్తమ్మ వైపు. స్విచ్ వేశాను. పుల్ల పెట్టే పని లేకుండానే రెక్క గిర్రున తిరిగింది. ఆ క్షణం నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. గాలి కోసం ముఖం దగ్గర పెట్టాను. రాలేదు. ఇంకా దగ్గర పెట్టాను. భుజం మీది తువ్వాల మెల్లగా తనంతట తనే లేచి, కూలరు జాలీకి పోయి అతుక్కుంది. లాగితే రాలేదు.

అటు నుంచి అత్తమ్మ గొంతు. "అల్లుడూ, ఏం గాలి! మంచు లెక్క సల్లగున్నది. బిడ్డా, ఇటు రా, మీ ఆయన భలే బాగు చేసిండే!"

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో అత్తమ్మ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. గాలి వెనక నుంచి ఎందుకు వస్తోందని అడిగి ఆ ముచ్చట చెడగొట్టుకోవడం ఇష్టం లేక ఊరుకున్నాను. రెండు నిమిషాలకు ఆమె గొంతు మారింది. "అయ్యో! నా మిరపకాయలు!"

పోయి చూస్తే, తడి గడ్డిలోంచి గాలితో పాటు నీటి తుంపర్లు కూడా బయటికి వస్తున్నాయి. కొత్త గడ్డి పొట్టు లేచి ఆమె తల మీద, భుజాల మీద, చీర మీద పోసిన మిర్చి మీద పడుతోంది. ఎండుమిర్చికి తడి తగిలితే బూజు పడుతుందని, రంగు చెడుతుందని, ఎనుమాముల మార్కెట్లో ముందు తేమనే చూస్తారని, ఇవన్నీ అత్తమ్మ ఆ పది సెకన్లలోనే చెప్పింది. మెప్పు అక్కడితో ఖతం.

మా వాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "డాడీ, ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది" అన్నాడు.

"ఉల్టా కాదురా. దిశ మారింది."

ఇక్కడ ఆగి మెకానిక్‌ను పిలిచి ఉంటే ఇంత రాసే అవసరం ఉండేది కాదు. నాకు తట్టిన ఆలోచన వేరు. చల్లటి గాలి వెనక నుంచి వస్తోంది. అయితే వెనకను హాల్లోకి తిప్పితే సరి కదా? వైర్లు ముట్టుకోనక్కర్లేదు, టేపు విప్పనక్కర్లేదు. కూలర్‌నే తిప్పాలి, అంతే. ఇప్పటికీ అనుకుంటాను, ఆలోచనగా చూస్తే అందులో తప్పేం లేదు.

నేనూ మావాడూ కలిసి దాన్ని హాల్లోకి లాగి, వీపు సోఫా వైపు పెట్టాం. మా కూలరు హై మీద నడిస్తే కాజీపేటలో ఆగకుండా పోయే గూడ్సు బండి పక్కన నిలబడ్డట్టే ఉంటుంది, హాల్లో ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఎండాకాలం మూడు నెలలు మా కాపురం సాఫీగా సాగేది ఆ మోత పుణ్యమే. స్విచ్ హై మీదికి తిప్పాను. నిజం చెప్పాలంటే మొదటి నిమిషం హాయిగానే ఉంది. ఆ తర్వాత సోఫా కవర్లు తడిశాయి. దేవుడి పటాల మీద పొట్టు రాలింది. గోడకున్న క్యాలెండరు ఏప్రిల్ దాటి మే, జూన్‌లోకి ఎగిరింది. టీ తాగుతూ కూచున్న పక్కింటాయన కప్పులోంచి గడ్డిపోచ తీసి, దాన్నే చూస్తూ, ఏమీ అనకుండా లేచిపోయాడు. వానలో గడ్డివాము పక్కన కూచున్నట్టుందని మా ఆవిడ అన్నదట. అప్పుడు నాకు వినపడలేదు.

గల్లీ చివర అన్న వచ్చాడు. ఎవరు పిలిచారో నేను అడగలేదు. ముందు ప్లగ్గు పీకాడు, అదొక్కటి నేనూ చేసేవాణ్నే. టేపు విప్పి ఒక్కసారి చూసి, "ఎవలు పెట్టిండ్రు సారు ఈ కండెన్సర్?" అన్నాడు.

మా ఆవిడ ఫ్యాను వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"దుకాణం పిల్లగాడు ఎటు పెట్టినా ఒకటే అన్నడు" అన్నాను.

"నిజమే చెప్పిండు. కండెన్సర్‌కు ఎటు ఇటు లేదు. కరెంటు వైరుకు ఉంటది గద సారు. అది మోటరు రన్నింగు వైరుకు పోవాలె, మీరు స్టార్టింగు వైరు మీద పెట్టిండ్రు. అందుకే ఉల్టా తిరుగుతుంది." మావాడు తల ఎత్తి నన్ను చూశాడు. ఆ ఒక్క వైరును కండెన్సర్ ఈ చివర నుంచి ఆ చివరకు మార్చడానికి నిమిషం కూడా పట్టలేదు. బాడీకి షాకు కొడుతుందేమోనని టెస్టరు పెట్టి చూసి, రెండు వందలు అన్నాడు. గంటకు ఎంత పడ్డట్టని ఈసారి నేను లెక్క వేయలేదు.

అయిపోయింది, పోతాడనుకున్నాను. వెనక జాలీ ఊపి చూసి, "ఈడ నాలుగు స్క్రూలు ఉండాలె సారు, రెండే ఉన్నయి" అన్నాడు.

నాకు ఉత్సాహం వచ్చింది. ఏడేళ్ల నా పద్ధతికి ఇన్నాళ్లకు ఒక సాక్షి దొరికాడు. సీసా తెచ్చాను. మా ఆవిడ లోపలికి పోయి స్టీలు తాంబాళం తెచ్చి పెట్టింది. అందులో గలగలా గుమ్మరించాను. స్క్రూలు, వాషర్లు, గడియారం పళ్ల చక్రం, పేరు తెలియని ఇత్తడి ముక్కలు. అన్న వేలితో కెలుకుతూ రెండు స్క్రూలు ఏరుకున్నాడు. తర్వాత ఆగి, నల్లటి చిన్న దిమ్మ ఒకటి తీశాడు. దాని వెనక సన్నటి స్ప్రింగు.

"ఇది మిక్సీ కార్బన్ గద సారు. మంచిగనే ఉన్నది, అరగలేదు. ఈడెందుకున్నది?"

ఎవరూ మాట్లాడలేదు.

"ఇది లేకుంటే ఏమైతది అన్నా?" అంది మా ఆవిడ చాలా మెల్లగా.

"ఏమైతది అక్కా, మిక్సీ తిరగదు. మోటరుకు ఏం కాదు గని, కరెంటు అందదు. ఇరవై, ముప్పై రూపాయల వస్తువు."

ఆమె ఆ ముక్కను తీసుకొని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. నావైపు తిరిగింది. "మరి మోటరు కాలిపోయిందంటిరి..."

నేను లేచి ప్లగ్గు పెట్టి, కూలరును నేరుగా హై మీదికి తిప్పాను. గాలి ముందు నుంచే వచ్చింది, చల్లగా. ఎదురుగా మా ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కాసేపటికి అత్తమ్మవి కూడా కదిలాయి.