జెండా కత్తిరిస్తే సంతకం తీసేసినట్టే

సెన్సార్ సర్టిఫికెట్ తెర మీద నుంచి తొలగి, శ్రీకృష్ణుడి వేషంలో ఎన్టీఆర్ శంఖం పూరించగానే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లలో పడే ఈలలు ఆ రోజు సినిమాలోని హీరో కోసం కాదు. 1974లో అశ్వనీదత్ స్థాపించిన వైజయంతీ మూవీస్ అనే బ్యానర్ కోసం. కథ మొదలు కాకముందే ప్రేక్షకుడికి ఒక మాట ఇచ్చే శక్తి ఆ కొద్ది సెకన్లకు ఉంది.

పాత సినిమాలను యూట్యూబ్‌లో పెడుతున్న ఛానళ్లు చాలావరకు మొదట కత్తెర వేస్తున్నది ఆ సెకన్లకే. ఈమధ్య ఇంట్లో అమ్మ కోసం విజయా వారి సినిమా ఒకటి పెడితే, ఛానల్ పేరు గిర్రున తిరిగి, గంట గుర్తు మోగి, నేరుగా నటీనటుల పేర్లు వచ్చేశాయి. "జెండా రాలేదేంట్రా?" అని అమ్మ అడిగింది. ఆమె ఎదురుచూసింది హనుమంతుడున్న ఆ పతాకం కోసం.

విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి, చక్రపాణి ఆ గుర్తును ఊరికే ఎంచుకోలేదు. అర్జునుడి పేర్లలో విజయుడు ఒకటి, ఆయన రథం మీద ఎగిరేది కపిధ్వజం. సంస్థ పేరుకు అర్థం చెప్పడానికి వారికి ఒక్క అక్షరం కూడా అవసరం కాలేదు, భారతం తెలిసిన ప్రేక్షకుడు తనంతట తానే చదువుకున్నాడు. వైజయంతి కృష్ణుడి మెడలోని మాల పేరు కనుక అక్కడ శంఖం పట్టిన కృష్ణుడు కనిపించడం కూడా అంతే సహజం. 1964లో 'రాముడు భీముడు'తో మొదలైన సురేష్ ప్రొడక్షన్స్‌కు రామానాయుడు పెద్ద కుమారుడి పేరు పెట్టుకున్నారు, సంస్థ గుర్తులో ఎస్, పి అక్షరాల మీద తన ఇద్దరు కుమారులను నిలబెట్టారు. సొంత బిడ్డలను తెర మీద నిలబెట్టి డబ్బు పెట్టే నిర్మాత, ఆ సినిమా మంచిచెడులకు తన ఇంటి పరువునే పూచీగా పెడుతున్నాడు.

ఇది కేవలం అభిమానుల బెంగ కాదని చెప్పడానికి చట్టమే చాలు. 'మాయాబజార్' విడుదలైన 1957లోనే వచ్చిన కాపీరైట్ చట్టం సినిమాకు కర్తగా ఇప్పుడు గుర్తించేది దర్శకుడిని కాదు, హీరోను అసలే కాదు, నిర్మాతను. పుస్తకం అట్ట మీద రచయిత పేరు ఎలాంటిదో సినిమా ముందు బ్యానర్ గుర్తు అలాంటిది. కవి పేరు చింపేసి కావ్యాన్ని అచ్చువేసేవాడిని మనం ప్రచురణకర్త అనం. మరి ఈ పని చేసే ఛానల్‌కు లక్షల వీక్షణలు ఎందుకు కట్టబెడుతున్నాం?

సినిమా విడుదలైన మరుసటి ఏడాది నుంచి అరవై ఏళ్లకు హక్కులు తీరిపోతాయని, ఆ లెక్కన 'మాయాబజార్' 2017 చివరితోనే అందరి సొత్తయిందని, ఫోనులో చూసేవారికి లోగోల మీద ఓపిక ఉండదని ఆ ఛానళ్ల వాదన. హక్కులు తీరిన మాట నిజమే. అయితే అందరిదీ అయిన వస్తువును పూర్తిగా అందరికీ ఇవ్వాలి గాని, తల తీసి కాదు. ఓపిక లేని ప్రేక్షకుడు ఎలాగూ తన వేలితో ముందుకు జరుపుకోగలడు.

అసలు లోపం మరింత లోతుగా ఉంది. అమీర్‌పేటలో 1956లో సారథి స్టూడియో, బంజారాహిల్స్‌లో 1976లో అన్నపూర్ణ స్టూడియో నిలిచాక మన పరిశ్రమ క్రమంగా మద్రాసు వదిలి హైదరాబాద్‌కు చేరింది. నటులు వచ్చారు, సాంకేతిక నిపుణులు వచ్చారు, కానీ గతాన్ని దాచుకునే అలవాటు మాత్రం రాలేదు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి పుణెలో ఆ పని చేస్తోంది. ఇంత పరిశ్రమ ఉన్న హైదరాబాద్‌లో తెలుగు సినిమా రీళ్లకు అంతే శ్రద్ధ దక్కాలి, అందుకు రెండు తెలుగు ప్రభుత్వాలూ, లాభాలు చూసిన నిర్మాణ సంస్థలూ ఖర్చు పంచుకోవాలి.

ఆ పని మొదటి రీలు నుంచే ఆరంభం కావాలి. ప్రొజెక్టర్‌లోకి ఎక్కించిన ప్రతిసారీ చేతులు తగిలేది, గీతలు పడేది, తెగితే అతికించేది ఎక్కువగా రీలు మొదట్లోనే. బ్యానర్ గుర్తు ఉండేదీ అక్కడే. కత్తెర ముట్టుకోకపోయినా ముందుగా చెరిగిపోయేది ఆ జెండాయే కనుక, డబ్బు ఎంత తక్కువున్నా ముందు స్కాన్ చేయవలసినవి ఆ కొన్ని అడుగులే.